నెట్‌వేరా, సాంబానా: 90ల ఆఫీసు సర్వర్ గొడవ

90లలో ఆఫీసు కంప్యూటర్ల మధ్య ఫైళ్లూ ప్రింటరూ పంచుకోవాలంటే ముందు వినిపించే పేరు నెట్‌వేర్, నోవెల్ కంపెనీ సర్వర్ సాఫ్ట్‌వేర్. పనితనానికి వంక పెట్టలేం. ఎవరైనా పొరపాటున ఫైలు డిలీట్ చేస్తే సాల్వేజ్ కమాండుతో వెనక్కి తెచ్చుకోవచ్చు, 1993లో వచ్చిన 4.0తో సర్వర్లన్నిటికీ కలిపి ఒకే డైరెక్టరీ (యూజర్లు, ప్రింటర్ల ఉమ్మడి జాబితా) కూడా ఇచ్చారు. కాకపోతే లైసెన్సు మనుషుల లెక్కన కొనాలి, 25 మందికి కొన్నచోట 26వ వాడికి లాగిన్ దొరకదు. పైగా దాని సొంత భాష ఐపీఎక్స్, ఇంటర్నెట్‌దేమో టీసీపీ/ఐపీ. ఐపీఎక్స్ ఊతం లేకుండా టీసీపీ/ఐపీ మీదే నడవడం 1998లో వెర్షన్ 5తో గానీ కుదరలేదు, అప్పటికే బాగా ఆలస్యమైంది.

సాంబా కథ వేరు. ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ నెట్‌వర్కులో పోయే ప్యాకెట్లను (డేటా ముక్కలను) గమనించి, ఎదుటి కంప్యూటర్లు ఫైళ్లు పంచుకునే ప్రోటోకాల్ (మాట్లాడుకునే పద్ధతి) ఆనవాలు పట్టి రాసుకున్న ప్రోగ్రామ్ అది. పాత పీసీలో లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసి దీన్ని పెడితే, విండోస్ మెషీన్లకి అది మరో విండోస్ సర్వర్‌లాగే కనిపిస్తుంది. ఎంతమంది వాడినా లైసెన్సు ఖర్చు సున్నా.

టెన్షన్ లేదని కాదు. 1997లో విండోస్ ఎన్‌టీ 4కి సర్వీస్ ప్యాక్ 3 అనే అప్‌డేట్ వేయగానే విండోస్ పాస్‌వర్డును మామూలు అక్షరాల్లో పంపడం మానేసింది, దాంతో నిన్నటిదాకా నడిచిన సాంబా షేర్లు (పంచుకున్న ఫోల్డర్లు) తెరుచుకోవు. సాంబా సెట్టింగులుండే ఎస్ఎంబీ డాట్ కాన్ఫ్ ఫైల్లో ‘ఎన్‌క్రిప్ట్ పాస్‌వర్డ్స్ = యెస్’ అని రాసి, అందరికీ పాస్‌వర్డులు మళ్లీ పెట్టుకోవాలి. అప్పట్లో ఈ తిప్పలు పడే మనిషి ఆఫీసులో ఉంటే సాంబానే మేలు, లేకపోతే నెట్‌వేర్‌కి డబ్బు కట్టడమే నయం. పెద్ద కంపెనీకైతే ఆ డైరెక్టరీకి సాటివచ్చేది అప్పటి సాంబాలో లేదు.

అన్నట్టు, 2003లో లైనక్స్ కంపెనీ సూసేని కొంటున్నామని ప్రకటించింది నోవెల్లే!