వ్యాయామంతో పెరిగిన గుండె, బీపీతో పెరిగిన గుండె

ఎకో (గుండె స్కాన్) రిపోర్టులో గుండె గోడ మందం పెరిగిందని రాస్తే అందరిదీ ఒకటే జబ్బు అనుకోకూడదు. మారథాన్ రన్నర్ గుండె పెరుగుతుంది, ఏళ్లుగా బీపీ మాత్రలు వేసుకోని మనిషి గుండె కూడా పెరుగుతుంది. ఇద్దరిలోనూ కొత్త కండర కణాలు పుట్టడం చాలా అరుదు, ఉన్నవే పెద్దవవుతాయి.

రన్నర్ గుండెలోకి ఎక్కువ రక్తం వస్తుంది. కణాలు పొడవు, కొంత మందం పెరుగుతాయి, వాటితోపాటే కేశనాళికలూ (కణాలకు రక్తం అందించే అతి సన్నని నాళాలు) పెరుగుతాయి.

బీపీ గుండె ఒత్తిడికి ఎదురుగా రక్తం నెట్టాలి, అందుకే కణాలు ముఖ్యంగా లావెక్కుతాయి. మామూలుగా కణానికి ఇంచుమించు ఒక కేశనాళిక ఉంటుంది. కణం లావై, నాళాలు ఆ మేరకు పెరగకపోతే ఆక్సిజన్ లోపలిదాకా చేరాల్సిన దూరం పెరుగుతుంది. పైగా చిన్న ధమనుల గోడలు మందమవుతాయి, కణాల మధ్య పీచు కణజాలం పేరుకుంటుంది. పెద్ద నాళాల్లో బ్లాకులు లేకపోయినా కొందరికి ఛాతీ నొప్పి రావడానికి ఇదొక కారణం. యాంజియో (నాళాల్లో బ్లాకులు చూసే పరీక్ష) నార్మల్ అనగానే బీపీ సంగతి మర్చిపోయేవాళ్లు మనలో తక్కువేం కాదు.

శిక్షణ కొన్ని నెలలు ఆపితే రన్నర్ గుండె గోడ మందం చాలావరకు తగ్గుతుంది. బీపీ అదుపులో ఉంటే రెండోదీ కొంత తగ్గుతుంది కానీ, పేరుకున్న పీచు అంత తేలిగ్గా పోదు.