నాచెజ్‌లో మూడు మేడలు చూశాం, రెండు చాలు

అమెరికా వచ్చిన అమ్మకి చూపించాల్సినవన్నీ అయిపోయాక ఇంకో రెండు రోజుల సెలవు మిగిలింది. మిసిసిపీ నది గట్టు మీదున్న నాచెజ్‌కి తీసుకెళ్లాను. సివిల్ వార్‌కి, అంటే 1861లో ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య మొదలైన అంతర్యుద్ధానికి ముందు, పత్తి మీద లక్షలు గడించిన ఆసాములు కట్టుకున్న మేడలకి పేరుపడ్డ ఊరిది. 1862లో ఊరు యుద్ధం చేయకుండానే ఉత్తరాది సేనలకి లొంగిపోవడంతో చాలా ఇళ్లు దెబ్బతినకుండా మిగిలాయి.

మొదట చూసిన మేడ పేరు చెప్పను. గైడ్ చాలాసేపు షాండ్లియర్లు, వెండి సామాను, కర్టెన్ల గురించే చెప్పింది. ఇంటి పనంతా ఎవరు చేసేవాళ్లని అడిగితే "సర్వెంట్లు" అంది. "జీతం ఎంతిచ్చేవాళ్లో అడగరా" అంది అమ్మ. అడిగాను. ఆవిడ వినపడనట్టు పక్క గదిలోకి నడిచింది. టికెట్ డబ్బులు దండగ.

లాంగ్‌వుడ్ మాత్రం వదులుకోవద్దు. ఎనిమిది పలకల ఇల్లు, నెత్తిన ఉల్లిపాయ లాంటి గుమ్మటం. వందల మంది బానిసలున్న హాలర్ నట్ అనే పత్తి ఆసామి 1860లో మొదలుపెట్టించాడు. ఆరు అంతస్తులు, 32 గదులు అనుకున్నాడు. మరుసటేడు యుద్ధం రాగానే ఉత్తరాది నుంచి వచ్చిన పనివాళ్లు ఎక్కడి పనిముట్లు అక్కడే పడేసి ఇళ్లకి పోయారు. బేస్‌మెంట్‌లో తొమ్మిది గదులు మాత్రం పూర్తయ్యాయి. నట్ 1864లో న్యుమోనియాతో పోయాడు. భార్యాపిల్లలు ఆ కింద గదుల్లోనే కాపురం చేశారు.

కింద పరుపులు, అద్దాలు, తివాచీలు. మెట్లెక్కి పైకొస్తే ఒట్టి ఇటుక గోడలు, కొయ్య దూలాలు, ఆనాటి పనిముట్లు. మధ్యలో నిలబడి తలెత్తితే చూపు గుమ్మటం దాకా పోతుంది. "ఇల్లు కట్టి చూడు అన్నది ఊరికేనా" అంది అమ్మ. ఆ మెట్ల దగ్గర మోకాళ్ల నొప్పులున్నవాళ్లు జాగ్రత్త.

కానీ నాకు ఎక్కువ గుర్తుండిపోయింది మెల్‌రోజ్. 1840ల్లో జాన్ మెక్‌మరన్ అనే లాయర్ కట్టించిన ఇల్లు, ఇప్పుడు నేషనల్ పార్క్ సర్వీస్ అనే ప్రభుత్వ సంస్థ చూసుకుంటోంది. భోజనాల గదిలో బల్లకి సరిగ్గా పైన పెద్ద కొయ్య పలక వేలాడుతోంది, దానికో తాడు. గైడ్ "పంకా" అనగానే అమ్మ నా చెయ్యి గిల్లింది. "మన పంకాయేరా!" అవును, హిందుస్థానీ నుంచి ఇంగ్లీషులోకి పోయిన మాటే. వడ్డించేటప్పుడు ఈగలు వాలకుండా, చల్లగాలి తగిలేలా ఒక బానిస పిల్లాడు మూల నిలబడి ఆ తాడు లాగేవాడట. అమ్మ ముందు పంకా చూసింది, తర్వాత తాడు చివర చూసింది, ఆ తర్వాత మూల చూసింది. వెనక వరండాలో గంటలు వరసగా కట్టి ఉన్నాయి. ఒక్కోదానిది ఒక్కో మోత, వినగానే ఎవరిని పిలుస్తున్నారో తెలిసేలా. పెరట్లో బానిసలుండే ఇళ్లు కూడా అలాగే ఉంచారు, వాటిలోకి వెళ్లి చూడండి. ఇక్కడి గైడ్‌కి "బానిసలు" అన్న మాట నోట్లో అడ్డుపడలేదు.

వసంతంలో పిల్‌గ్రిమేజ్ అని పాత మేడలు చూపించే కార్యక్రమం 1930ల నుంచీ నడుస్తోంది, అప్పుడు మనుషులు కాపురముంటున్న ఇళ్లు కూడా కొన్ని తెరుస్తారు. జనం ఎక్కువుంటారు కాబట్టి మామూలు రోజుల్లో వెళ్లడమే నయం. ఎండాకాలం అసలే వద్దు, ఉక్కపోతకి తట్టుకోలేం.

మూడో మేడకి పెట్టే టైమ్ ఫోర్క్స్ ఆఫ్ ది రోడ్‌కి పెట్టండి. డౌన్‌టౌన్‌కి దగ్గరే. న్యూ ఆర్లీన్స్ తర్వాత ఈ దక్షిణాదిలో అంత పెద్ద బానిసల సంత ఇదే. చూడ్డానికి కట్టడాలేవీ మిగల్లేదు. కొన్ని బోర్డులు, నేల మీద సిమెంట్‌లో దిగ్గొట్టిన సంకెళ్లు, పక్కనే కార్లు పోయే రోడ్డు. మేడల దగ్గర ప్రతి స్తంభానికీ ఫొటో తీయించుకున్న అమ్మ, ఇక్కడ నేను ఫోన్ తీస్తే లోపల పెట్టమంది.