తల్వార్ కొంటున్నారా? ముందు పిడి విప్పి చూపించమనండి

విజయవాడ, గుంటూరు వైపు పిల్లలకి కర్రసాము, కత్తిసాము నేర్పిస్తున్న తల్లిదండ్రులు, దసరా ఆయుధపూజకి ఇంట్లో ఒక కత్తి ఉంటే బాగుంటుందని షాపుల వెంట తిరుగుతున్నవాళ్లు ఇది కాస్త ఓపిగ్గా చదవండి. నాకు 6,800 రూపాయలు పోయాయి. డబ్బు సంగతి వదిలేయండి. ఒక ఆదివారం పొద్దున్నే, పిల్లలు తిరుగుతున్న గ్రౌండ్‌లో రెండున్నర అడుగుల ఇనుము గాల్లోకి లేచిపోవడం నా కళ్లతో చూశాను. అందుకే రాస్తున్నాను.

మా మేనల్లుడికి పంతొమ్మిదేళ్లు. మూడేళ్లుగా కర్రసాము చేస్తున్నాడు. ఈ మధ్యే వాళ్ల మాస్టారు కత్తిలోకి దింపారు. అక్కడ అందరివీ చెక్క కత్తులే. వీడికి మాత్రం సొంత తల్వార్ కావాలి. "మావయ్యా, అమ్మకి చెప్పకు, మాస్టారికి నేను చెప్పుకుంటాను, నువ్వు కొనిపెట్టు చాలు" అన్నాడు. మాస్టారిని ఒక్క మాట అడిగి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు. అడగలేదు.

వన్‌టౌన్‌లో పూజసామాన్లు, ఇత్తడి విగ్రహాలు, నాటకాల కిరీటాలు అమ్మే ఒక షాపుకి వెళ్లాం. పేరు రాయను, కామెంట్లలో అడగకండి. గోడ మీద మేకులకి ఏడెనిమిది తల్వార్లు వేలాడుతున్నాయి. నేను ముందే చెప్పాను, "గోడకి పెట్టుకోవడానికి కాదండీ, కుర్రాడు సాము చేస్తాడు" అని. "తిప్పడానికే సార్ ఇది. మొదలు నుంచి కొస దాకా ఒకటే ముక్క. హైకార్బన్, అంటే కార్బన్ ఎక్కువున్న గట్టి ఉక్కు" అన్నాడు. అని ఊరుకోలేదు, సొరుగులోంచి అయస్కాంతం తీసి అలుగుకి, అంటే కత్తి రేకుకి, అంటించాడు. టక్కున అతుక్కుంది. "స్టెయిన్‌లెస్ స్టీలైతే అతుక్కోదు కదా సార్, చూస్కోండి."

ఇంట్లో స్టీలు గిన్నెలకి చాలావాటికి అయస్కాంతం అంటుకోదు కాబట్టి మనకి అది నిజమే అనిపిస్తుంది. నాకూ అనిపించింది. కానీ గిన్నెల స్టీలు వేరు, కత్తులకి వాడే స్టెయిన్‌లెస్ స్టీలు వేరు. ఆ రెండో రకానికి అయస్కాంతం శుభ్రంగా అతుక్కుంటుంది. కాబట్టి ఎవరైనా అయస్కాంతం తీసి చూపిస్తే ఆ పరీక్షని లెక్కలోకి తీసుకోకండి.

దానికి తోడు అలుగు మీద నీటి అలల్లాంటి గీతలు. "నిజాం కాలం నాటి ఉక్కు పద్ధతి సార్" అన్నాడు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఒకప్పుడు మేలైన ఉక్కు తీసేవారని, పర్షియా వర్తకులు దాని కోసం అంత దూరం వచ్చేవారని, ఇంగ్లీషువాళ్లు 'ఊట్జ్' అన్నది మన ఉక్కు మాటనేనని నేను ఎప్పుడో చదివాను. ఆ సగం చదువే నా కొంప ముంచింది. బేరం కూడా ఆడకుండా డబ్బు ఇచ్చేశాను. వాడిచ్చిన తెల్లచీటీని చదవకుండా మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఆదివారం ఆరున్నరకి స్కూలు గ్రౌండ్. మాస్టారు ఇంకా రాలేదు. వీడు ఒక మూలకి వెళ్లి తిప్పడం మొదలుపెట్టాడు. గోడవారగా వేపచెట్టు కింద చిన్నపిల్లలు చెప్పులు విడిచి, వాటర్ బాటిళ్లు పెట్టుకుని కూర్చునే చోటు ఒకటుంది. ఒకడు నీళ్లు తాగి అప్పుడే లేచి ఇటు వస్తున్నాడు. వీడు పైనుంచి కిందికి ఒకటి, అడ్డంగా ఒకటి తిప్పాడు. మూడోసారి తిప్పేసరికి 'ఠంగ్' మని చిన్న చప్పుడు. చేతిలో పిడి ఉంది, అలుగు లేదు. అది తిరుగుతూ వెళ్లి, గోడకి కొట్టుకుని, సరిగ్గా ఆ చెప్పుల మధ్య పడింది. పదిహేను అడుగుల దూరం ఉంటుంది. ఎవరికీ ఏమీ కాలేదు. మా వాడు మాత్రం ఉత్త పిడి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు, పిలిస్తే పలకలేదు. నాకు ఆ రోజు మధ్యాహ్నం దాకా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

సోమవారం రెండు ముక్కలూ గోనెపట్టాలో చుట్టుకుని ఆటోనగర్ వెళ్లాను. లారీ కమాను పట్టీల పనిచేసే ఒక పెద్దాయన తెలుసు. ఆయన పిడి చివర నట్టు తిప్పి, లోపలి ముక్క బయటికి లాగి నవ్వాడు. "ఇది కత్తి కాదు బాబూ, గేటుకి గొళ్లెం అతికించినట్టు అతికించాడు." అలుగు పిడిలోకి ఒక అంగుళం వెళ్లి ఆగిపోయింది. దాని చివర పెన్సిలంత మరల కడ్డీ వెల్డింగ్ చేసి, కొసన నట్టు బిగించి, పైన బంగారు రంగు పూశారు. విరిగింది సరిగ్గా వెల్డింగ్ దగ్గరే. అలుగుకి వాడే గట్టి స్టీలుని వెల్డింగ్ చేసి అలాగే చల్లారనిస్తే, అతుకు పక్కనే లోహం పెళుసెక్కుతుందట. గోడ మీద ఉన్నంతకాలం ఏమీ తెలియదు. తిప్పినప్పుడు మొత్తం బరువు ఆ ఒక్క చోటే లాగుతుంది.

హైకార్బన్ సంగతి కూడా తేల్చాడు. గ్రైండర్ మీద ముందు ఒక పాత ఆకురాయి పెట్టాడు, కాకరపువ్వొత్తిలా పూలు పూసింది. తర్వాత మన తల్వార్ ముక్క పెడితే పొట్టిగా, ఎర్రగా నాలుగు రవ్వలు రాలి ఊరుకున్నాయి. స్టెయిన్‌లెస్. చిన్న చాకులకి అది బాగానే ఉంటుంది. ఇంత పొడవు అలుగుకి, అందులోనూ దెబ్బ తగిలేదానికి, నమ్మలేం. ఇక నిజాం కాలం అలలు ఎమెరీ పేపరుతో నాలుగు రుద్దులకే పోయాయి. అసలు ఉక్కులో ఆ అలలు లోహం లోపలి దాకా ఉంటాయి, రుద్దితే మసకబారినా యాసిడ్ పడితే మళ్లీ పైకి తేలతాయి. ఇది పైపైన వేసిన ముగ్గు. ఆయన చేసిన ఈ పనికి డబ్బులు తీసుకోలేదు, టీ తాగించాడు పైగా.

చీటీ పట్టుకుని షాపుకి వెళితే అతను కంగారేమీ పడలేదు. "చదవండి సార్" అన్నాడు. 'డెకరేషన్ పీస్ 1' అని ఉంది. "షో పీస్‌ని ఎవరు తిప్పమన్నారు?" నోటితో చెప్పింది హైకార్బన్, కాగితం మీద రాసింది డెకరేషన్. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను, ఫిర్యాదు రాసుకున్నారు. కానీ ఆ చీటీతో ఎంతవరకు వస్తుందో నాకు నమ్మకం లేదు. మీరు కొంటే వాడకానికని, ఏ స్టీలో, పిడిలోపల అలుగు ఎంతదాకా ఉందో బిల్లు మీద రాయించుకోండి. రాయనంటే లేచి వచ్చేయండి.

ఇంకో మాట. అతికించడం ప్రతిదీ మోసం కాదు. మాస్టారి దగ్గర పాత తల్వార్ ఒకటి ఉంది. దాని అలుగు తోక, అంటే పిడిలోకి వెళ్లే భాగం, పొట్టిదే, ఇనుప పిడిలో లక్కతో బిగించారు. మన పాత తల్వార్ల పద్ధతే అది. అందుకే ఆయన దాన్ని ఎండలో పెట్టరు, మే నెలలో కారులో అసలు వదలరు, లక్క వేడికి మెత్తబడుతుందని. పిడి కాస్త కదిలినా ఇక ముట్టుకోనివ్వరు. మీ ఇంట్లో తాతల నాటిది ఉంటే మెరుపు కోసం బఫింగ్ మెషీన్ కింద పెట్టించకండి, అలుగు వేడెక్కితే గట్టిదనం పోతుంది.

షాపువాడు కొబ్బరినూనె రాయమన్నాడని చెబితే మాస్టారికి కోపం వచ్చింది. అది కొన్నాళ్లకి జిగురు కట్టి దుమ్ము పట్టిస్తుంది. ఆయన వాడేది కుట్టుమిషను నూనె. పల్చగా, గుడ్డతో తుడిచేంత. చేత్తో ముట్టుకున్న ప్రతిసారీ చెమట ఉప్పు మిగిలిపోతుంది, మన కృష్ణ ఒడ్డు ఉక్కకి రెండు రోజుల్లో వేలిముద్ర ఆకారంలోనే తుప్పు లేస్తుంది. తుడిచేటప్పుడు గుడ్డని అలుగు వీపు వైపు నుంచి, అంటే పదును లేని అంచు వైపు నుంచి పట్టుకుని, పిడి నుంచి మొన వైపే లాగాలి. వెనక్కి రాకూడదు. తోలు ఒరలో నెలల తరబడి ఉంచకూడదు, తోలు తేమ పట్టి ఉంచుతుంది. ఆయుధపూజ రోజు కుంకుమ, పసుపు, నిమ్మకాయ అన్నీ పెడతాం కదా, అవన్నీ ఆ సాయంత్రానికే తుడిచెయ్యాలి. నిమ్మరసం తెల్లారేసరికి నల్ల మచ్చ చేస్తుంది, అది పోదు.

ఒరలోంచి తీసేటప్పుడు వేళ్లు పదును వైపుకి రాకుండా ఒరని పట్టుకోవాలట. అలుగు ఒరని చీల్చుకుని వేళ్ల మీదికి వచ్చిన సందర్భాలు ఆయన చూశారు. కత్తిని చేతి నుంచి చేతికి అందించుకోవడం కూడా ఆయన ఒప్పుకోరు, కింద పెట్టాలి, అవతలివాళ్లు తీసుకోవాలి. జారిపోతే పట్టుకోబోకుండా వెనక్కి దూకాలి. తిప్పేటప్పుడు ఎదురుగా గానీ, తిప్పే వాటంలో గానీ ఎంత దూరంలోనైనా మనిషి ఉండకూడదు. ఈ చివరిది మాత్రం ఆయన చెప్పకముందే నాకు అర్థమైంది.

చట్టం సంగతి షాపువాడు చెప్పడు, నేను చెబుతాను. 2016 నాటి ఆయుధాల నిబంధనల్లో 9 అంగుళాల కన్నా పొడవు లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు అలుగు ఉన్న కత్తులు ఆయుధాల జాబితాలోనే ఉన్నాయి. ఇంటిపనికి, వ్యవసాయానికి, సైన్సు పనులకి, పరిశ్రమలకి తయారైన వాటికే మినహాయింపు. నేను దాన్ని బండి మీద పట్టుకుని బెంజి సర్కిల్ దాటి వచ్చాను, ఎవరైనా ఆపితే ఏం చెప్పేవాణ్నో నాకే తెలియదు. కొనే ముందే మీ ఏరియా స్టేషన్‌లో అడగండి. పుట్టినరోజు కేకు తల్వార్‌తో కోసి వీడియో పెట్టి కేసుల్లో ఇరుక్కున్న కుర్రాళ్ల వార్తలు మనం పేపర్లో చూస్తూనే ఉన్నాం.

మా వాడు మళ్లీ చెక్క కత్తికి వచ్చాడు. అక్కకి విషయం తెలిసింది, నాతో పదిరోజులు మాట్లాడలేదు.

పోయిన దసరాకో, ఇప్పుడో మీరు ఇలాంటిది కొని ఉంటే ఈరోజే తీయండి. ఊపి చూడకండి. బల్ల మీద పడుకోబెట్టి, పిడి దగ్గర చెవి పెట్టి, అలుగు వీపు మీద వేలి కణుపుతో కొట్టండి. లోపల ఏదైనా గలగలమంటే, లేదా పిడి చివర రంగు పూసిన నట్టు కనిపిస్తే, గోడకి తగిలించే ముందు దాన్ని ఒకసారి ఎవరిచేతైనా విప్పించి చూడండి.