పెట్ కేర్ సర్వీసుకి యాప్ మేలా, వాట్సాప్ మేలా?

మా మదనపల్లె తమ్ముడొకడు బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో కుక్కల పని చేస్తాడు. పొద్దున, సాయంత్రం వాకింగ్‌కి తిప్పుతాడు, ఇంటికొచ్చి స్నానం చేయించి గోళ్లు తీస్తాడు, ఊరెళ్లేవాళ్ల కుక్కల్ని తన దగ్గర ఉంచుకుంటాడు. నలుగురు కుర్రాళ్లు పనిలో ఉన్నారు. మొన్న వచ్చి, "అన్నా, మనకో యాప్ డిజైన్ చేసిపెట్టు. ప్లే స్టోర్‌లో పేరు కనపడాలి" అన్నాడు. యాప్ స్క్రీన్లు గీయడమే నా ఉద్యోగం. అయినా పెన్ను పట్టకముందు రెండు రోజులు వాళ్ల వెంట తిరిగాను.

ఇప్పటిదాకా అతనికి అన్నీ వాట్సాప్‌లోనే. కస్టమర్లకు హాయి. "రేపు 6కి వస్తారా?" అని ఒక్క ముక్క పెడితే చాలు, కొత్తగా ఏదీ ఎక్కించుకోనక్కర్లేదు. ఇబ్బందంతా ఇటువైపు. మూడు నెలల క్రితం ఒకావిడ "మా వాడికి చికెన్ పడదు" అని మెసేజ్ పెట్టింది. అది వందల మెసేజ్‌ల కింద ఎక్కడో ఉండిపోయింది. కుర్రాడు ముద్దుగా ఓ చికెన్ ముక్క పెట్టాడు. పాపం ఆ కుక్క రాత్రంతా గోక్కుంటూనే ఉందట. మాట్లాడుకోవడానికి చాట్ బాగుంటుంది, గుర్తుపెట్టుకోవడానికి పనికిరాదు.

మరి కస్టమర్లకు యాప్ ఇస్తే? చూడ్డానికి బాగుంటుంది, నేనూ ఇష్టంగానే గీస్తాను. ఖర్చు చూడండి. ప్లే స్టోర్‌కి ఒక్కసారి 25 డాలర్లు, ఆపిల్‌కి ఏటా 99 డాలర్లు. ప్లే స్టోర్‌లో ఇప్పుడు కొత్తగా వ్యక్తిగత ఖాతా తెరిస్తే, యాప్ అందరికీ విడుదల చేసేముందు కనీసం 12 మందితో 14 రోజులు వరసగా పరీక్ష చేయించాలి. యాప్‌లు రాసే ఫ్లట్టర్ అనే టూల్‌లో రాయిస్తే ఒకే కోడ్ రెండు రకాల ఫోన్లకూ వస్తుంది కాబట్టి ఆ ఖర్చు కొంత తగ్గుతుంది. అయినా నెలకోసారి గ్రూమింగ్ చేయించుకునేవాళ్లు దానికోసం యాప్ పెట్టుకుంటారా? 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్లకు కూడా అనుమతి అడగాలి. "వద్దు" అని నొక్కేశారంటే టీకా రిమైండర్ వాళ్లకు చేరదు. అదే వాట్సాప్‌లో పెడితే చూస్తారు.

ఆ రెండు రోజుల్లో నాకు బాగా తెలిసిందేంటంటే, యాప్ అవసరం కస్టమర్ కంటే కుర్రాళ్లకే ఎక్కువ. పొద్దున 6 గంటలకు అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఒక కుర్రాణ్ని చూశాను. కుడిచేతికి లీష్ (కుక్కను పట్టుకునే తాడు) చుట్టుకుని ఉంది, ఎడమచేతిలో ఫోన్, సన్నగా తుంపర. ఇంట్లోంచి కుక్కను తీసుకున్నట్టు మెసేజ్ టైప్ చేస్తున్నాడు. అంతలో బ్రూనో అవతల పిల్లిని చూసి లాగింది. ఫోన్ కిందపడింది. ఈ పనిలో టైపింగ్ ఉండకూడదు. బొటనవేలికి అందేలా అడుగున ఒక్క పెద్ద బటన్ ఉండాలి. మాటలు కన్నడ, తెలుగు, హిందీ మూడింట్లో కావాలి. బేస్‌మెంట్‌లో సిగ్నల్ ఉండదు, అందుకని నొక్కింది ఫోన్‌లోనే దాచుకుని బయటికొచ్చాక పంపాలి.

కుక్క ఎక్కడ తిరుగుతోందో యజమాని అప్పటికప్పుడు చూసేలా లైవ్ మ్యాప్ పెడదామని తమ్ముడు బాగా పట్టుబట్టాడు. నేను వద్దన్నాను. గంటసేపు లొకేషన్ నడిస్తే బ్యాటరీ తినేస్తుంది, కొన్ని ఫోన్లలో బ్యాటరీ సేవర్ మధ్యలోనే యాప్‌ని ఆపేస్తుంది. మ్యాప్ మీద నడిచిన దారి గీత మధ్యలో తెగిపోతే, కుర్రాడు సరిగ్గా తిప్పినా యజమానికి అనుమానం వస్తుంది. వాళ్లు నిజంగా అడిగేది వేరు: నీళ్లు తాగిందా, మోషన్ సరిగ్గా అయిందా. రెండు టిక్కులు, ఒక ఫొటో చాలు.

టీకాల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. వెట్ (పశువుల డాక్టర్) ఇచ్చే పుస్తకంలో సీసా మీది స్టిక్కర్, బ్యాచ్ నంబర్, సంతకం, మళ్లీ రావాల్సిన తేదీ ఉంటాయి. సాధారణంగా కుక్కపిల్లకు మొదటి టీకా 6 నుంచి 8 వారాలకు, రేబిస్ టీకా సుమారు 12 వారాలకు వేస్తారు. అలాగని యాప్ తనంతట తాను తేదీలు లెక్కకట్టకూడదు. డాక్టర్ రాసిందే ఎక్కించాలి, పక్కన ఆ పేజీ ఫొటో ఉండాలి. ఆ ఫొటో చూడకుండా బోర్డింగ్‌కి ఒప్పుకోవద్దని తమ్ముడికి గట్టిగా చెప్పాను. ఒక్క కుక్కకు కెన్నెల్ దగ్గు ఉంటే పక్కనున్నవాటన్నిటికీ పాకుతుంది.

అందుకని ఇలా తేల్చాం. కస్టమర్లకు వాట్సాప్‌నే ఉంచి, దానికి తోడు ఒక చిన్న వెబ్ పేజీ. అందులో కుక్క బరువు, పడని తిండి, దీపావళి టపాసులకు బెదురుతుందా, వెట్ ఫోన్ నంబర్, అన్నీ ఒక్కసారి నింపితే చాలు. ఆ వివరాలు నేరుగా కుర్రాళ్ల యాప్‌లోకి వస్తాయి. నలుగురివీ ఆండ్రాయిడ్ ఫోన్లే కాబట్టి ఆపిల్ ఖర్చు లేదు. ప్లే స్టోర్ ఇంటర్నల్ టెస్టింగ్‌లో, అంటే బయటివాళ్లకు కనపడకుండా మనం ఎంచుకున్నవాళ్లకే ఇచ్చే పద్ధతిలో, యాప్‌ని 100 మంది దాకా ఇవ్వొచ్చు, ఆ 14 రోజుల పరీక్ష బెడదా లేదు. స్టోర్‌లో పేరు కనపడదని తమ్ముడు కాస్త చిన్నబుచ్చుకున్నాడు.

మొదటి స్క్రీన్‌లో పైన బ్రూనో ఫొటో, దాని కింద ఎర్రగా "చికెన్ పెట్టొద్దు", అడుగున బటన్. కుర్రాడు లీష్ వదలకుండానే నొక్కి చూశాడు. బటన్ ఇంకో వేలెడు పైకి జరపమన్నాడు.