బెంగుళూరు పాత బొమ్మల వెంట: కోటకి సగం పూట, కొండకి ఒక రోజు

ఇంగ్లీషువాళ్లకీ టిప్పు సుల్తానుకీ జరిగిన 1790-92 మైసూరు యుద్ధం రోజుల్లో బెంగుళూరుని గీసినవాళ్లు చాలామందే ఉన్నా, ఊళ్లో తిరగడానికి బాగా పనికొచ్చేవి ఫిరంగి దళం లెఫ్టినెంటు జేమ్స్ హంటర్ బొమ్మలు. కోట ఢిల్లీ గేటు, టిప్పు మహలు పడమటి ముఖం రెండూ వాటిలో ఉన్నాయి. హంటర్ 1792లోనే పోయాడు. బొమ్మలు లండన్‌లో అచ్చయింది 1804-05లో. రంగులు సరిచూడడానికి గీసినవాడే లేడు. అందుకని తోరణాన్నీ స్తంభాన్నీ నమ్మండి, ఆకాశాన్నీ చెట్లనీ అంతగా పట్టించుకోకండి.

బొమ్మలు ఇంటి దగ్గరే దించుకుని ఏ4 మ్యాట్ కాగితం మీద ప్రింట్ తీయించుకోండి. మధ్యాహ్నం ఎండలో ఫోన్ తెర కనపడి చావదు.

కోటకి కారు వద్దే వద్దు. కె.ఆర్. మార్కెట్ దగ్గర బండి పెట్టే చోటు వెతకడానికే గంట పోతుంది. గ్రీన్ లైన్ మెట్రోలో మార్కెట్ స్టేషన్‌లో దిగి నడవండి. 1537లో కెంపేగౌడ కట్టించిన మట్టికోటని 1761లో హైదర్ అలీ రాతితో కట్టించాడు. ఇప్పుడు మిగిలింది ఢిల్లీ గేటు, దాని చుట్టూ కాస్త గోడ, అంతే. గేటు ఉత్తర ముఖం కనక చలికాలంలో సూర్యుడు దాని వెనకే ఉంటాడు, ఫొటోలో రాయి నల్లగా పడుతుంది. మే నుంచి జులై దాకా పొద్దున పక్కవాటు వెలుగు వచ్చి రాతి చెక్కడాలు తేలతాయి, మబ్బు పట్టకపోతే.

చిత్రకారుడు నిలబడ్డ చోటు పట్టుకోవాలంటే బొమ్మలో రెండు గుర్తులు ఎంచుకోండి: ఒకటి దగ్గరది, ఒకటి దూరంది. తోరణం అంచుకీ వెనక బురుజుకీ మధ్య సందు బొమ్మలో ఉన్నంతే కనపడేదాకా కుడి ఎడమలకి జరగండి. ఆ తర్వాతే ముందుకీ వెనక్కీ. ముందే వెనక్కి నడిస్తే ఎంతకీ కుదరదు. మనుషుల బొమ్మల్ని కొలతగా తీసుకోవద్దు. కట్టడం పెద్దదిగా కనపడాలని మనుషుల్ని చిన్నగా వెయ్యడం ఆ కాలం చిత్రకారులకి మామూలే. ట్రైపాడ్‌కి పురావస్తు శాఖ అనుమతి కావాలి.

నడిచి వెళ్లేంత దూరంలో టిప్పు మహలు ఉంది. 1781లో హైదర్ మొదలెట్టించాడు, 1791లో టిప్పు పూర్తి చేయించాడు. పడమటి ముఖానికి సాయంత్రం మూడున్నర తర్వాతే మంచి వెలుగు. టేకు స్తంభాలు రాతి దిమ్మెల మీద నిలిచిన తీరుని బొమ్మతో పక్కపక్కన పెట్టి చూడండి. టికెట్టు ఖర్చు ఈ మహలుకి దండగ కాదు. లోపలి మ్యూజియం మాత్రం చిన్నది, పావుగంట చాలు.

బస విషయానికొస్తే, మెజెస్టిక్ లాడ్జీలు చవకే గానీ రాత్రంతా బస్సుల హోరు. నాలుగు డబ్బులు ఎక్కువైనా బసవనగుడిలో దిగడం మేలు. మార్కెట్ అక్కడికి దగ్గరే, పొద్దున టిఫినుకి తడుముకోనక్కర్లేదు.

అసలు సరుకు ఊరి బయట ఉంది. 1792లో ఈ దారిన వచ్చిన ఇంగ్లీషు చిత్రకారులు థామస్, విలియం డేనియల్ ఇప్పటి తమిళనాడులోని హోసూరునీ, కొండకోట అయిన రాయకోటనీ గీశారు. గోడలు కూలినా కొండ రూపురేఖలు మారవు కాబట్టి, పోల్చి చూడడానికి నగరం కంటే రాయకోటే మేలు. హోసూరు మీదుగా బస్సుంది, రైలు స్టేషనూ ఉంది. దారి అడగడానికి ఆ పక్కంతా తెలుగే చాలు. కొండ ఎక్కడం పొద్దున్నే మొదలెట్టండి, నీళ్లు మనిషికి రెండు లీటర్లు కింది నుంచే మోసుకెళ్లాలి. బొమ్మ పోల్చుకునేది మాత్రం కింది నుంచే. పైకెక్కాక కొండ ఆకారమే కనపడదు.

బెంగుళూరుకి పడమటనున్న సావనదుర్గ కొండ కూడా ఆ యుద్ధపు బొమ్మల్లోదే, కానీ నున్నటి బండ. వాన పడిన రోజు దాని జోలికి పోకండి.