షట్‌డౌన్ వేరు, రీస్టార్ట్ వేరు: సెక్యూరిటీ అప్‌డేట్లతో కొన్నేళ్ల అనుభవం

మాది పన్ను లెక్కలు చూసే చిన్న ఆఫీసు. ఉన్నవన్నీ విండోస్ 10, 11 మిషన్లే. వాటి అప్‌డేట్లు చూసుకునే పని కొన్నేళ్లుగా నాదే. ఇంతకాలం వాడాక గట్టిగా చెప్పగలిగింది ఇదీ: అప్‌డేట్ ఇన్‌స్టాల్ అయిందంటే సగం పనే అయినట్టు. రీస్టార్ట్ చేస్తేనే పూర్తవుతుంది. రాత్రి షట్‌డౌన్ చేసి పొద్దున ఆన్ చేస్తే అది రీస్టార్ట్ కిందకి రాదు.

ఈ చివరి మాటే చాలామంది నమ్మరు. కొత్తగా చేరినవాళ్లు "రోజూ ఆపేసే ఇంటికెళ్తున్నాం కదండీ" అంటారు. అప్పుడు టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ కింద ఉండే 'అప్ టైమ్' చూపిస్తాను. నిన్న రాత్రే ఆపిన మిషన్ రోజుల తరబడి నడుస్తూనే ఉన్నట్టు అక్కడ కనిపిస్తుంది. కారణం ఫాస్ట్ స్టార్టప్. 2012లో విండోస్ 8తో వచ్చింది. ఇది ఆన్‌లో ఉంటే, షట్‌డౌన్ నొక్కినప్పుడు మన ప్రోగ్రాములు మూసుకుంటాయి గానీ విండోస్ కెర్నెల్ (దాని గుండెకాయ లాంటి భాగం), అప్పటికే లోడైన డ్రైవర్లు (లోపలి స్థాయిలో పనిచేసే చిన్న ప్రోగ్రాములు) ఉన్నవి ఉన్నట్టు డిస్క్ మీద ఒక ఫైల్లోకి వెళ్తాయి. పొద్దున ఆ ఫైలే తిరిగి మెమరీలోకి ఎక్కుతుంది. యాంటీవైరస్ కొత్త డ్రైవర్ దించుకున్నా మెమరీలో పాతదే ఉండిపోవచ్చు. రీస్టార్ట్ అలా కాదు, అన్నిటినీ మొదటి నుంచి లోడ్ చేస్తుంది. వాడకంలో ఉన్న సిస్టమ్ ఫైళ్లను మార్చడానికి విండోస్‌కి వీలు దొరికేదీ అప్పుడే.

అన్నిటికీ రీస్టార్ట్ అక్కర్లేదు. విండోస్‌తోపాటే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌కి తరచూ అందే వైరస్ డెఫినిషన్లు (కొత్త వైరస్‌లను గుర్తుపట్టే జాబితాలు) మనం పని చేసుకుంటుండగానే అమల్లోకి వస్తాయి. నెలవారీ విండోస్ ప్యాచ్‌లకు, అంటే లోపాలు సరిచేసే అప్‌డేట్లకు, మాత్రం తప్పదు. యాంటీవైరస్ వెర్షన్ మారినప్పుడూ కావాల్సి రావచ్చు.

మాలాంటి ఆఫీసులకు అసలు ఇబ్బంది తేదీలతో. మైక్రోసాఫ్ట్ ప్యాచ్‌లు ప్రతి నెలా రెండో మంగళవారం వస్తాయి. మనకు అప్పటికి రాత్రి పదిన్నర, చలికాలంలో పదకొండున్నర. ఆ మంగళవారం 8 నుంచి 14 లోపు పడుతుంది. అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీ రిటర్న్, నెలవారీ జీఎస్టీఆర్-1 గడువు 11! లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీ తెరిచి, జీఎస్టీ పోర్టల్లో ఫైలింగ్ సగంలో ఉండగా రీస్టార్ట్ అడిగితే ఎవరైనా 'తర్వాత' అనే నొక్కుతారు. అది అలా అలా 20న పన్ను కట్టే రిటర్న్ జీఎస్టీఆర్-3బీ దాకా సాగుతుంది. క్లయింట్ల పాన్, బ్యాంకు వివరాలన్నీ ఉన్న మిషన్లు అన్నాళ్లు తెరిచిపెట్టిన తలుపుల్లా ఉంటాయి. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్ వన్నాక్రై సంగతి చూడండి. దాన్ని ఆపగల ప్యాచ్ 2017 మార్చి 14నే విడుదలైంది. మే 12న అది ప్రపంచమంతా పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి.

అందుకే మా దగ్గర ప్యాచ్ వచ్చిన మర్నాడు, బుధవారం భోజనాల వేళను రీస్టార్ట్‌కి కేటాయించాం. అందరూ టాలీ మూసి, బ్యాకప్ తీసి, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ పీకేసి, 'అప్‌డేట్ అండ్ రీస్టార్ట్' నొక్కి అన్నానికి లేస్తారు. యూపీఎస్ బ్యాటరీ బాగుందో లేదో ముందే చూసుకోవాలి, మధ్యలో కరెంటు పోతే కష్టం. శాతం అంకె ఒకేచోట ఆగినట్టున్నా పవర్ బటన్ జోలికి పోవద్దు. లాగిన్ అయ్యాక విండోస్ అప్‌డేట్ పేజీ మళ్లీ తెరిచి చూడండి. ఒక్కోసారి ఇంకో అప్‌డేట్ కాచుకుని ఉంటుంది, దానికి రెండో రీస్టార్ట్ కావాలి. అప్‌డేట్ హిస్టరీలో 'సక్సెస్‌ఫుల్లీ ఇన్‌స్టాల్డ్' అని చూశాకే నేను ఆ మిషన్‌ని వదులుతాను.

చాలా కొత్త ల్యాప్‌టాపుల్లో డ్రైవ్ ఎన్‌క్రిప్షన్ (డిస్క్‌లోని డేటాకి వేసే తాళం) ఆన్‌లో ఉంటుంది. ఫర్మ్‌వేర్ (మిషన్‌లోనే ఉండే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ తర్వాత రీస్టార్ట్ చేస్తే ఆ తాళం తీసే బిట్‌లాకర్ రికవరీ కీ అడగొచ్చు, ముందే కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి.

ఇక ఫాస్ట్ స్టార్టప్ ఉంచాలా తీసేయాలా? వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ డిస్క్ ఉన్న మిషన్లన్నిట్లో నేను తీసేశాను. కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్‌లో పవర్ బటన్ల సెట్టింగ్ దగ్గర ఆ టిక్ ఉంటుంది. ఆన్ అవ్వడంలో తేడా కొన్ని సెకన్లే. పాత హార్డ్ డిస్క్ మిషన్లలో అది బాగానే అక్కరకొస్తుంది, వాటిలో ఉంచేశాను. వాటికి పూర్తి షట్‌డౌన్ కావాలనుకున్న రోజు షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ క్లిక్ చేస్తే సరిపోతుంది.