సంఖ్యా గణనకు ఏ భాష, ఏ యంత్రం? దీర్ఘకాల వాడకం తరువాత ఒక సమీక్ష

ఉష్ణవ్యాప్తి సమీకరణాలను, పెద్ద మాత్రికల లెక్కలను ఫోర్ట్రాన్, సీ ప్లస్ ప్లస్, పైథాన్, జూలియా భాషలలో చాలా ఏళ్లుగా చేస్తున్నాను. వేగాన్ని ఎక్కువగా నిర్ణయించేది భాష కాదని, మెమరీ నుంచి ప్రాసెసర్‌కు అంకెలు చేరే తీరేనని నా అభిప్రాయం.

మాత్రికల గుణకారాన్ని చూపి భాషలకు ర్యాంకులు ఇవ్వడంలో అర్థం లేదు. పైథాన్‌లో శ్రేణుల (అంకెల వరుసల) లెక్కలకు వాడే నంపై లైబ్రరీలో రాసినా, జూలియాలో రాసినా ఆ పని చేసేది సాధారణంగా మాత్రికల లెక్కల కోసం ముందే రాసి పెట్టిన ఓపెన్‌బ్లాస్ వంటి లైబ్రరీయే. తేడా బయటపడేది మనం సొంతంగా రాసుకునే లూపుల్లో, అంటే ఒకే లెక్కను మళ్లీ మళ్లీ చేయించే భాగాల్లో. పైథాన్ లూపులో ప్రతి అంకె తన రకం వివరాన్ని మోసే ఒక ఆబ్జెక్టు కావడంతో ప్రతి కూడికకూ రకం తనిఖీ తప్పదు. నంపై ఆ భారాన్ని తీసేస్తుంది కానీ, మూడు శ్రేణులను కలిపే చిన్న సూత్రానికి కూడా మధ్యలో తాత్కాలిక శ్రేణిని సృష్టిస్తుంది. శ్రేణులు క్యాషేలో (ప్రాసెసర్‌లో ఉండే చిన్న, వేగవంతమైన మెమరీలో) పట్టనంత పెద్దవైతే ఆ అదనపు రాకపోకలకే సమయం పోతుంది. జూలియా చుక్క గుర్తుతో అదే సూత్రాన్ని ఒకే లూపుగా కలిపేస్తుంది. మొదటిసారి నడిపినప్పుడు విసుగెత్తించే దాని ఆలస్యం 2023లో వచ్చిన 1.9 వెర్షన్‌తో బాగా తగ్గింది. సబ్‌రొటీన్‌కు (విడిగా రాసిన ఉపప్రోగ్రాముకు) పంపిన శ్రేణులు మెమరీలో ఒకదానిపై ఒకటి పడవని కంపైలర్ (ప్రోగ్రామును యంత్ర భాషలోకి మార్చేది) ధీమాగా అనుకొని లూపును వేగవంతం చేయగలగడం ఫోర్ట్రాన్‌కు నేటికీ ఉన్న బలం.

లూపుల క్రమం మరీ ముఖ్యం. ఫోర్ట్రాన్, జూలియా నిలువు వరుసలను, సీ, నంపై మామూలుగా అడ్డు వరుసలను మెమరీలో పక్కపక్కన ఉంచుతాయి. 64 బైట్ల క్యాషే లైనులో, అంటే మెమరీ నుంచి క్యాషేకు ఒక్కసారిగా వచ్చే ముక్కలో, 8 డబుల్ ప్రెసిషన్ (ఒక్కోటి 8 బైట్ల) అంకెలు పడతాయి. పెద్ద మాత్రికలో లోపలి లూపును ఈ మెమరీ క్రమానికి అడ్డంగా నడిపితే తెచ్చిన 8 అంకెల్లో ఒక్కటే పనికొస్తుంది. అప్పుడు ఏ భాషా కాపాడలేదు.

ఇక యంత్రం సంగతి. రెండు ఛానెళ్ల (మెమరీకి, ప్రాసెసర్‌కు మధ్య దారుల) డీడీఆర్4-3200 రకం మెమరీ సెకనుకు గరిష్ఠంగా 51.2 గిగాబైట్లు ఇస్తుంది. రెండు అంకెలు చదివి ఒకటి రాసే లూపుకు మూలకానికి 24 బైట్లు కావాలి కనుక, కోర్లు ఎన్ని ఉన్నా సెకనుకు సుమారు 213 కోట్ల మూలకాలు దాటవు. ఇలాంటి పనికి కోర్లకన్నా మెమరీ ఛానెళ్లపై ఖర్చు పెట్టడం మేలు.

జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) మెమరీ ఇంతకన్నా ఎన్నో రెట్లు వేగవంతమైనదే కానీ, ఎన్విడియా ఆంపియర్ తరం గేమింగ్ కార్డుల్లో డబుల్ ప్రెసిషన్ లెక్కల వేగం సింగిల్ ప్రెసిషన్ (4 బైట్ల అంకెల) వేగంలో 64వ వంతు మాత్రమే, అదే తరానికి చెందిన డేటా సెంటర్ కార్డు ఏ100లో సగం. సింగిల్ ప్రెసిషన్ సరిపోయే లెక్కలకైతే గేమింగ్ కార్డును నిస్సంకోచంగా సూచిస్తాను. అయితే దత్తాంశాన్ని ప్రతి అడుగులోనూ ప్రధాన మెమరీకి, కార్డుకు మధ్య అటూ ఇటూ మోయకుండా కార్డు మీదే ఉంచాలి.